ఉండపాకం ఎన్ని డిగ్రీలు?

క్లాసులో కావ్యపాకాల సంగతి చెప్పవలసి వచ్చినప్పుడల్లా మా కోనసీమ పిల్లలతో నాకు చిక్కే. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థానంలో వుండిన విద్యానాథుడు ద్రాక్షాపాకమనీ, నారికేళపాకమనీ చెప్పాడు. తెలుగులో మనం కదళీపాకాన్ని కూడా కలుపుకుని మూడుగా చెప్పుకుంటాం. ద్రాక్షపండు నోట్లో వేసుకోగానే రసం. అరటిపండుకి తొక్క ఒలవాలి. కొబ్బరికాయకి పీచు తీసి, చిప్ప పగలగొట్టి, నానా అవస్థా పడితేగాని లోపలి రుచి దక్కదు అని వివరిస్తాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "కొబ్బరికాయ కొట్టడం ఏం కష్టమండీ మాస్టారూ? ద్రాక్షపళ్ళే కదండీ కొనుక్కోవలసింది!" అంటాడు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకీ, రావులపాలెం అరటిగెలలకీ మధ్య పుట్టి పెరిగినవాడికి అలంకారశాస్త్రం ఏం సమాధానం చెప్పగలదు?

అయితే నేనిప్పుడు చెప్పబోయేది ఆ పాకం కాదు లెండి. పొయ్యిమీది పాకం.

లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం - ఇవి మన ఆడవాళ్ళు ఏ శాస్త్రగ్రంథమూ తిరగెయ్యకుండా నిర్ణయించుకున్న కొలతలు. రెండు వేళ్ళ మధ్య సాగితే తీగపాకం. చన్నీళ్ళ పళ్ళెంలో ఒక బొట్టు వేసి వేళ్ళతో కూడదీస్తే మెత్తని ఉండ కట్టిందా, అది ఉండపాకం. ఆ ఉండను తీసి పళ్ళెం అంచుకి కొడితే ఠంగుమన్నదా, అది ముదురుపాకం. అరిసెకి ఉండపాకం కావాలి. ఒక నిమిషం ముందు దించారా, అరిసె నూనెలో విచ్చిపోతుంది. ఒక నిమిషం ఆలస్యం చేశారా, ఆ అరిసె పళ్ళు గట్టిగా వున్న కుర్రాళ్ళకేగాని పెద్దవాళ్ళకి పనికిరాదు.

మా అమ్మకి డెబ్బయి నాలుగేళ్ళు. ఆవిడ బాగా తిరుగుతున్న రోజుల్లో మా వీధిలో ఎవరింట పెళ్ళయినా పాకం వేళకి ఆవిడకి కబురు వచ్చేది. పిండి దంపినవాళ్ళు, కట్టెలు ఎగదోసినవాళ్ళు ఎందరున్నా, "దించండి" అనే మాట మాత్రం ఆవిడ నోటినుంచే రావాలి. పదిహేనేళ్ళ కిందట ఆవిడకి చక్కెర వ్యాధి వచ్చింది. చాలాకాలం వున్నవాళ్ళకి ఆ వ్యాధి ముందు పాదాలలోనూ, తరవాత చేతివేళ్ళలోనూ స్పర్శ తగ్గిస్తుందని డాక్టర్లు చెబుతారు. ఆవిడకి అల్లాగే అయింది. బతుకంతా బెల్లాన్నీ, పంచదారనూ వేలికొసల మీద తూచిన మనిషికి, ఆ వేలికొసలే పోయాయి. కిందటి సంక్రాంతికి నీళ్ళపళ్ళెంలో ఉండ చేసి చూసి, "ఇంకా రాలేదు" అంది. వచ్చేసిందని మా అందరికీ కనబడుతూనే వుంది. ఎవరమూ నోరెత్తలేదు. సాయంకాలం ఆవిడే ఒక అరిసె కొరకబోయి, పక్కన పెట్టేసి, "ఇకనుంచి కోడలు చూసుకుంటుందిలే" అంది.

ఈ మాటతో సరిపోయేదే. కాని వైశాఖంలో మా అన్నయ్యగారి అమ్మాయి పెళ్ళి వచ్చిపడింది. మా ప్రాంతంలో సారె అంటే మాటలు కాదు. వియ్యాలవారి వీధి వీధంతా పంచిపెట్టుకోవాలి. పూతరేకులకి ఆత్రేయపురం వుండనే వుంది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఇక మనం ఇంట్లో కుండ బోర్లించి కుస్తీ పట్టనక్కరలేదు. కాజాలకి తాపేశ్వరం. ఇవన్నీ డబ్బు పారేస్తే వస్తాయి. కాని పెళ్ళికూతురు మాత్రం, "అరిసెలు నాయనమ్మ పాకంతోనే కావాలి" అని భీష్మించుకుంది.

మా ఆవిడకి అరిసెలు రావని కాదు. ఆవిడ పుట్టింటి ఉండపాకం వేరు, మా ఇంటి ఉండపాకం వేరు. "మీ ఉండ ఎంత మెత్తగా వుండాలి అత్తయ్యగారూ?" అని అడిగితే, అమ్మ కాసేపు ఆలోచించి, "చెవితమ్మెలా వుండాలి" అంటుంది. ఎవరి చెవితమ్మె? ఆ సాయంత్రం మా ఇంట్లో అందరం ఎవరి చెవులు వాళ్ళు పట్టుకుని చూసుకున్నాం.

ఈ గొడవంతా మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడి దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆయన నవ్వలేదు. "చెవితమ్మె కూడా ఒక డిగ్రీయేనండీ, మనకి అంకె తెలియదు, అంతే" అన్నాడు.

ఆయన చెప్పినది ఇదీ. ఉత్త నీళ్ళు ఎంతసేపు మరిగినా 100 డిగ్రీల దగ్గరే నిలబడిపోతాయి. పాకం అల్లా కాదు. అందులో నీరు ఆవిరైపోతున్నకొద్దీ మరిగే వేడి పైకి జరుగుతూ వుంటుంది. కనక పాకం వేడి ఎంతో చూడడమంటే, అందులో నీరు ఎంత మిగిలివుందో చూడడమే. మిఠాయి చేసేవాళ్ళ లెక్క ప్రకారం పంచదార పాకం 112కీ 116కీ మధ్య మెత్తని ఉండ కడుతుంది. అప్పుడు నూటికి 85 పాళ్ళు పంచదార. 118, 120 దగ్గరికి వచ్చేసరికి ఉండ గట్టిపడుతుంది. అప్పుడు 87 పాళ్ళు. చూశారా, మెత్తదనానికీ గట్టిదనానికీ మధ్య తేడా నూటికి రెండు పాళ్ళ నీరు! ఆ రెండు పాళ్ళనీ చేతివేళ్ళతో పట్టుకున్న మనిషి మా అమ్మ. అరిసె అంటే ఎందుకంత హడావిడో ఆయన చెప్పాక నాకు బోధపడింది.

సరే, వేడి చూసే సాధనం కావాలి. జ్వరం చూసే గొట్టం 42 దగ్గర ఆగిపోతుంది. కాలేజీ ప్రయోగశాలలో వుండే పాదరసం గొట్టం పనికివస్తుందిగాని, గాజు. సలసలమంటున్న బెల్లప్పాకంలో అది పుటుక్కుమంటే సారె మాట దేవుడెరుగు, పాదరసం తిన్న కేసవుతుంది. 2020లో కరోనా నాడు ప్రతి గుమ్మం దగ్గరా నుదుటికి గురిపెట్టిన తుపాకీలు గుర్తున్నాయి కదా, అల్లాంటిదే వంటకి కూడా దొరుకుతుంది. కాని అది పైన కనిపించే నురగ వేడినే చెబుతుంది, లోపలి సంగతి దానికి పట్టదు. పైగా తళతళలాడే ఇత్తడి గిన్నె మీదికి గురిపెడితే చుట్టుపక్కల వున్నవాటి వేడిని కూడా అద్దంలా తిప్పికొట్టి తప్పుడు అంకె చూపిస్తుంది. ఇన్నీ పోగా మిగిలింది థర్మోకపుల్. పాఠ్యపుస్తకాలలో దీని పేరు ఉష్ణయుగ్మం.

పేరు గంభీరంగా వుందిగాని, వస్తువు చాలా బీదది. రెండు వేరువేరు లోహాల తీగలు ఒక కొసన కలిపేస్తే అదే ఉష్ణయుగ్మం. 1821లో సీబెక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, ఇల్లా కలిపిన తీగల రెండు కొసలకీ వేడిలో తేడా వుంటే పక్కన పెట్టిన అయస్కాంతపు సూది కదలడం చూశాడు. తీగలో కరెంటు పుట్టడం వల్ల అది కదిలిందని తరవాత తేలింది. మనకి బజారులో దొరికేది 'కె' రకం. క్రోమెల్, అల్యూమెల్ అనే రెండు మిశ్రలోహాల తీగలు. ఒక డిగ్రీ తేడాకి ఇందులో పుట్టేది సుమారు 41 మైక్రోవోల్టులు, అంటే వోల్టులో పదిలక్షోవంతులు నలభయ్యొకటి. అంత చిన్న చప్పుడు విని అంకెగా మార్చి చెప్పేదే ఆ డిజిటల్ పెట్టె.

ఇక్కడ ఒక కిటుకు వుంది. తీగకి తెలిసేది వేడి కాదు, వేడిలో తేడా. మా కాలవల మీద లాకుల దగ్గర ఎగువ నీళ్ళకీ దిగువ నీళ్ళకీ ఎంత తేడా వుందో చెప్పినంత మాత్రాన ఎగువ మట్టం ఎంతో తెలియదు కదా. దిగువ మట్టం వేరే చూసుకుని కలుపుకోవాలి. అల్లాగే పెట్టె తన దగ్గర ఎంత వేడి వుందో తనే చూసుకుని, దానికి తీగ చెప్పిన తేడా కలిపి చూపిస్తుంది. కాబట్టి పెట్టెను పొయ్యి పక్కన పెట్టి మాడిస్తే దాని దిగువ మట్టం లెక్క చెడుతుంది. కిటికీ దగ్గర పెట్టుకోవడం మేలు.

గడియారస్తంభం దగ్గర కరెంటు సామాన్ల దుకాణానికి ఇద్దరం వెళ్ళాం. పేరున్న విదేశీ కంపెనీల పెట్టెలు వేలకి వేలు పలుకుతాయి. అవి నూనె బావుల వాళ్ళకీ, ఫ్యాక్టరీల వాళ్ళకీ. మా దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకటి 450 రూపాయలు, పసుపురంగు ప్లాస్టిక్కు, చూడడానికి ఆటవస్తువులా వుంది. రెండోది 750, తెర వెనక దీపం వెలుగుతుంది, నల్లని తొడుగు, హుందాగా వుంది. రెండింటి అట్టల మీదా 1300 డిగ్రీల దాకా చూపిస్తుందని రాశారు.

"దేనికండీ మాస్టారూ? వెల్డింగు పనికాండీ?" అన్నాడు దుకాణదారు.

"అరిసెలకి" అన్నాను.

"ఆయ్!" అని ఊరుకున్నాడు. గోదావరి జిల్లాల్లో ఆ ఒక్క అక్షరంలో ఎన్ని అర్థాలుంటాయో నిఘంటువులకి ఎక్కలేదు.

1300 డిగ్రీలు మా ఇంట్లో ఎవరికి కావాలి? 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండినప్పుడు తప్ప మా సీమలో అంత మంటతో ఎవరికీ పని పడలేదు. పైగా ఆ 1300 పెట్టె గొప్పే. దాంతో ఇచ్చే తీగకి వున్న తొడుగు అందులో నాలుగోవంతు వేడికే కమిలిపోతుంది. అల్లాగే దశాంశస్థానం. తెర మీద 115.3 అని కనబడగానే ఆ మూడు కూడా నిజమేననిపిస్తుంది. అమెరికా ప్రమాణం ప్రకారం మామూలు తరగతి కె రకం తీగకి అటు 2.2, ఇటు 2.2 డిగ్రీలు తప్పు వున్నా క్షమార్హమే. మేలు తరగతికి 1.1. మెత్తని ఉండకీ గట్టి ఉండకీ మధ్య వున్న దూరమే రెండు మూడు డిగ్రీలాయె! దశాంశం దాకా చెప్పేవాడు నిజం చెబుతున్నాడని నమ్మడం కోర్టు పక్షుల విషయంలో ఎంత ప్రమాదమో ఇక్కడా అంతే.

ఇంకా ఆయన చూపించిన గుర్తులు రెండు. తీగను పెట్టెకి తగిలించే ముల్లులో ఒక రేకు వెడల్పు, ఒక రేకు సన్నం వుండాలి; అప్పుడు తలకిందులుగా గుచ్చడానికి వీలుండదు. తలకిందులైతే వేడి చేసినకొద్దీ అంకె కిందికి దిగుతుంది. రెండోది, ఊరికే ఇచ్చే నూలుతొడుగు లాంటి తీగ గాజునారతో అల్లినది. ఆ నార పోగులు పాకంలో పడితే కడుపులోకి పోతాయి. తిండి వస్తువులకి స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వున్నదే కొనాలి. కడ్డీకి మరో రెండు వందలు. రెండు పెట్టెలూ తీసుకువెడతామనీ, పరీక్ష చేసి ఒకటి వెనక్కి ఇస్తామనీ బేరం చేశాం. మాస్టర్ల మీద జాలిపడ్డాడో, అరిసెల మీద గౌరవమో, ఒప్పుకున్నాడు.

ఆదివారంనాడు మా వంటింట్లో పరీక్ష. నేను పాతికేళ్ళుగా పరీక్షలు పెడుతున్నవాణ్ణే, కాని జవాబు ముందుగా తెలిసిన ప్రశ్నలు రెండే రెండు వేసి మనిషి గుణం తేల్చేసే పరీక్ష అదే మొదటిసారి చూడడం. కరిగే మంచు 0. మరిగే నీళ్ళు 100. 1742లో సెల్సియస్ ఈ మెట్లు కట్టినప్పుడు మరుగుకి 0, మంచుకి 100 అని తలకిందులుగా పెట్టాడట. ఆయన పోయాక తిరగేశారు.

మంచు అంటే చేపల బజారులో దొరికే ఐసు కాదు. అందులో ఉప్పు తగిలివుంటే 0 కిందికి దిగిపోతుంది. తాగే నీళ్ళతో ఇంట్లో గడ్డకట్టించి, మెత్తగా దంచి, గ్లాసు నిండా కూరి, సందులు నిండేటంత చల్లని నీళ్ళు పోశాం. కడ్డీ అడుగుకి తగలకుండా నడుమ పెట్టి కలుపుతూ వుండాలి. కలపకపోతే అడుగున 4 డిగ్రీల నీళ్ళు పేరుకుంటాయి, నీటికి అక్కడే బరువెక్కువ. పసుపు పెట్టె 1.3 చూపించింది. నల్ల పెట్టె 0.2.

"చూశారా, ఖరీదు ఖరీదే!" అంది మా ఆవిడ.

మా మిత్రుడు మాట్లాడలేదు. నీళ్ళు మరగబెట్టాం. అమలాపురం సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తే కనక ఇక్కడ నీళ్ళు దాదాపు 100 దగ్గరే మరుగుతాయి. అదే 900 మీటర్ల ఎత్తున వున్న అరకులోయలో అయితే సుమారు 97కే మరిగిపోతాయి. అక్కడ పాకం లెక్క కూడా ఆ మూడూ తగ్గించి చూసుకోవాలి. పసుపు పెట్టె 101.1. నల్ల పెట్టె 96.3!

నమ్మకం కుదరక తీగలు మార్చి గుచ్చాం. పసుపు పెట్టె రెండు తీగలతోనూ ఒకేమాట చెప్పింది. నల్లదానికి ఏ తీగ పెట్టినా 96 చిల్లరే. లోపం పెట్టెలో వుందన్నమాట. మూడో సాక్షిగా, గోరువెచ్చని నీళ్ళలో జ్వరం గొట్టాన్నీ వీటినీ కలిపి ముంచాం. గొట్టం 39.0 అంటే, పసుపుది 40.2, నల్లది 37.7.

అప్పుడు నోరు విప్పాడు మా మిత్రుడు. "పసుపుది మంచులోనూ, మరుగులోనూ, మధ్యలోనూ ఒకే తప్పు చెబుతోంది, ఒకటీ పాతిక వంతున ఎక్కువ. అది తీసేసుకుంటే చాలు. నల్లది మంచులో సత్యహరిశ్చంద్రుడు, వేడెక్కినకొద్దీ మాట మారుస్తుంది. దాంతో కాపరం చెయ్యలేం."

మర్నాడు నల్ల పెట్టె వెనక్కి ఇచ్చేశాం. "దీపం కూడా వెలుగుతుంది కదండీ!" అని దుకాణదారు బాధపడ్డాడుగాని, డబ్బు తిరిగి ఇచ్చాడు.

ఇంతవరకు అమ్మ ఈ తతంగానికి దూరంగా వుంది. దానికి 'జ్వరంకర్ర' అని పేరు మాత్రం పెట్టింది. పెళ్ళి ఇంకా మూడువారాలుందనగా, అర కిలో బెల్లంతో ఒక వాయి పాకం పట్టి చూద్దామన్నాను. ఉండ చేసి చూసే పని మా ఆవిడది, అంకె రాసుకునే పని నాది. అమ్మని పక్కన పీటమీద కూచుని "దించు" అనమన్నాం. వేళ్ళు పనిచెయ్యవు, పొగలో కళ్ళు ఆనవు, ఏం చూసి చెప్పమంటారర్రా అంది. అయినా కూచుంది.

కడ్డీ పాకంలో మూడు వేళ్ళ లోతు మునగాలి, గిన్నె అడుగుకి తగలకూడదు. 105 దాకా గబగబా వచ్చింది. తరవాత ఒక్కో డిగ్రీకీ బతిమాలించుకుంది. సలసల పోయి కుతకుత వచ్చింది. ఉన్నట్టుండి అమ్మ తల పైకెత్తింది. "చప్పుడు బరువెక్కింది. దించవే అమ్మాయ్" అంది. తెర మీద 116.4. మా ఆవిడ నీళ్ళలో ఉండ చేసి చూసి, తన చెవితమ్మె పట్టుకుని చూసుకుని, తల వూపింది.

అది కాకతాళీయమేమోనని మర్నాడు ఇంకో వాయి. అంకె అమ్మకి వినబడేట్టు చదవవద్దని ముందే అనుకున్నాం. 115.9. మూడోది 116.6. అంటే, పెట్టె తప్పు తీసేస్తే, 115 చుట్టూ అర డిగ్రీ లోపల. అచ్చు వేసిన పుస్తకం మెత్తని ఉండకి నాలుగు డిగ్రీల వెసులుబాటు ఇచ్చింది. మా అమ్మ చెవి ఒక్క డిగ్రీ కూడా ఇవ్వలేదు. ఇన్నేళ్ళూ వేళ్ళతో చూస్తున్నాననుకున్నది చెవితో కూడా చూస్తున్నదని ఆవిడకే తెలియదు. సంక్రాంతినాడు ఆ చెవి ఏమైంది అంటారా? ఆవేళ వంటింట్లో పదిమంది పిల్లలు, పక్కన మిక్సీ.

నాలుగోసారి సరుకు మారింది. కొత్తగా తెచ్చిన అనకాపల్లి బెల్లం. అమ్మ ఒక పలుకు నోట్లో వేసుకుని, "ఇది జిగురు బెల్లంరా, దీన్ని ఇంకాస్త పోనివ్వాలి" అంది. 116 దాటింది, 117 దాటింది, నాకు గుండె కొట్టుకుంటోంది. 118.1 దగ్గర "ఊఁ, ఇప్పుడు" అంది. ఉండ మునుపటిలాగే వచ్చింది. పంచదార విరిగి జిగురెక్కిన బెల్లం అదే వేడికి మెత్తగా వుండిపోతుందనీ, మరికొంత నీరు పోవాలనీ మా మిత్రుడు తరవాత చెప్పాడు. ఆ మాట పెట్టె చెప్పదు, నాలుక చెప్పాలి.

ఆ రాత్రి అమ్మ నన్ను పిలిచి అడిగింది: "ఒరే అబ్బాయ్, అది తప్పు చూపిస్తుందన్నావుటగా?"

"అవునమ్మా, ఒకటీ పాతిక ఎక్కువ చూపిస్తుంది."

"ఎప్పుడూ అంతేనా?"

"ఎప్పుడూ అంతే."

"అయితే పరవాలేదు" అంది.

పెళ్ళి అరిసెలకి పొయ్యి దగ్గర పదిమంది వున్నారు, పిల్లల గోల, పక్కింట్లో మైకు. చెవికి పని లేకుండా పోయింది. జ్వరంకర్ర కిటికీలో, దాని కడ్డీ పాకంలో, మా ఆవిడ చేతిలో గరిటె. అమ్మ బెల్లం నోట్లో వేసుకుని ఆ వాయికి అంకె చెప్పేది - "దీన్ని పదహారున్నరకి", "దీన్ని పదిహేడు దాటనీ". వంద మాట ఎగరగొట్టేసి మిగిలిందే చెప్పేది, పెద్దమ్మాయి వయసు చెప్పినట్టు. ఆరు వాయిల్లో ఒక్కటీ విచ్చిపోలేదు. చివరి వాయి అరిసె మెత్తనిది ఒకటి ఏరి, చక్కెర వ్యాధి సంగతి మేం గుర్తుచేసే లోపలే సగం తిని, మిగతా సగం పెళ్ళికూతురికి ఇచ్చింది.

ఇప్పుడు వంటింటి గోడమీద క్యాలెండరు వెనక మా ఆవిడ వరసగా రాసిపెట్టింది: పాత బెల్లం, జిగురు బెల్లం, కొబ్బరి లౌజు, నువ్వులుండలు. మొదటి రెండింటికీ అంకెలు పడ్డాయి. కొబ్బరి లౌజుది నిన్న చూద్దామనుకున్నాం. తీరా కొబ్బరి కోరి, బెల్లం పొయ్యిమీద పెట్టాక, పెట్టె తెర మీద అంకె లేదు. బ్యాటరీ అయిపోయింది.

"నువ్వు వెళ్ళి తెచ్చుకో, నేను చూసుకుంటూ వుంటాను" అంది అమ్మ, పీట దగ్గరకి లాక్కుని.